థాయిలాండ్‌లో స్వచ్ఛంద సేవ: అక్కడి దైనందిన జీవితానికి అలవాటు పడటం ఎలా?

మంజీర (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఈశాన్య థాయిలాండ్‌లోని ఉబోన్ రాచథానీ ప్రాంతంలో ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు బోధించడానికి స్వచ్ఛంద సేవకురాలిగా ఎంపికయ్యాను. అక్కడ ఒక కుటుంబంతోపాటు వారి ఇంట్లోనే ఉండాలని చెప్పారు. పాఠాలు ఎలా చెప్పాలనే విషయంలో నాకు శిక్షణ ఉంది కానీ, ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు ఆ ఇంట్లో, ఆ వీధిలో, ఆ బడిలో ఎలా మసలుకోవాలో చెప్పేవారు దొరకలేదు. పర్యాటకులకు రాసిన సమాచారం చాలా చదివాను, అది నాలుగు రోజులు ఉండి వచ్చేవారికి సరిపోతుంది. నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. అక్కడ కొంతకాలం పనిచేసి వచ్చినవారు, ముఖ్యంగా పల్లెల్లో ఉన్నవారు, తమ అనుభవాన్ని వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

గోదారిగట్టు

మంజీర గారూ, అభినందనలు. నేను కోన్ కేన్ సమీపంలో ఒక పాఠశాలలో పనిచేశాను. మీరు అనవసరంగా భయపడవద్దని ముందుగా చెబుతున్నాను. అమెరికా నుంచో ఐరోపా నుంచో వచ్చేవారికి నేర్పవలసినవి ఎన్నో మనకు పుట్టుకతోనే వచ్చి ఉంటాయి. ఇంట్లోకి వెళ్లేముందు చెప్పులు విడవడం, పెద్దల ఎదుట కాళ్లు చాపకపోవడం, చెంబుతో నీళ్లు పోసుకుని స్నానం చేయడం, వాహనాలు రోడ్డుకు ఎడమవైపు నడవడం, అతిథికి ముందు మంచినీళ్లు ఇవ్వడం వంటివేవీ మనకు కొత్త కావు. కనిపించిన ప్రతివారూ "అన్నం తిన్నారా" అని అడుగుతారు, వయసులో పెద్దవారిని "పీ" అని, చిన్నవారిని "నోంగ్" అని పిలుస్తారు. మన ఊళ్లో అక్కా, అన్నా, తమ్ముడూ అని పిలుచుకున్నట్టే ఉంటుంది. అందుకే మనవారు అక్కడ తొందరగా కలిసిపోతారని నా నమ్మకం.

బడిలో రోజు సరిగ్గా ఎనిమిది గంటలకు జెండా వందనంతో మొదలవుతుంది. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకు దేశమంతటా జాతీయ గీతం వినిపిస్తారు. బస్టాండులోనో పార్కులోనో ఉన్నా, ఆ గీతం వినబడినప్పుడు నడుస్తున్నవారు ఆగి నిలబడతారు, మీరు కూడా నిలబడాలి. రాజకుటుంబం గురించి వ్యాఖ్యానించవద్దు. అక్కడి శిక్షాస్మృతిలోని 112వ అధికరణ కింద ఒక్కో అభియోగానికి మూడు నుంచి పదిహేనేళ్ల జైలు శిక్ష ఉంటుంది, అది విదేశీయులకూ వర్తిస్తుంది. నాణేల మీద, నోట్ల మీద రాజు బొమ్మ ఉంటుంది కాబట్టి, దొర్లిపోతున్న నాణేన్ని కాలితో తొక్కి ఆపడం కూడా అమర్యాదే.

నల్లమల

గోదారిగట్టు గారు చెప్పిన పోలికలన్నీ నిజమే. అయితే ఆ పోలికలే మనవారిని తప్పుదారి పట్టిస్తాయని నా అభిప్రాయం. పైకి ఒకేలా కనిపించే చోట మనం జాగ్రత్తగా గమనించడం మానేస్తాం. పూర్తిగా కొత్త దేశమని తెలిసి వచ్చినవారు ప్రతి విషయాన్నీ అడిగి తెలుసుకుంటారు, మనం మాత్రం తెలిసినట్టే అనుకుంటాం.

ఒక ఉదాహరణ చెబుతాను. మనం పిల్లవాడు బాగా చదివితే తల నిమురుతాం, అల్లరి చేస్తే ఒక మొట్టికాయ వేస్తాం. థాయి సమాజంలో తల శరీరంలోకెల్లా పవిత్రమైన భాగం. అనుమతి లేకుండా ఇతరుల తల ముట్టుకోరు, అది ఆప్యాయతతో చేసినా సరే. అలాగే గుడిలో మనం బాసిపీట వేసుకుని కూర్చుంటే చాలనుకుంటాం. అక్కడ బుద్ధుడి విగ్రహం ముందు, భిక్షువుల ముందు రెండు కాళ్లనూ ఒక పక్కకు మడిచి, పాదాలు వెనక్కి ఉండేలా కూర్చుంటారు. మొదట్లో మోకాళ్లు నొప్పి పుడతాయి, ఇంట్లో కొద్దిసేపు అలవాటు చేసుకుని వెళ్లండి. మీరు స్త్రీ కాబట్టి భిక్షువును తాకకూడదు, చేతికి వస్తువు నేరుగా ఇవ్వకూడదు. ఆయన పరిచిన వస్త్రం మీద పెట్టాలి, లేదా పక్కనున్న పురుషుడి ద్వారా అందించాలి. తెల్లవారుజామున భిక్షాపాత్రలో జిగురు అన్నం వేసేటప్పుడు మాత్రం పాత్రకు చేయి తగలకుండా వేస్తే సరిపోతుంది.

నమస్కారం విషయం కూడా అంతే. వారి "వై" మన నమస్కారంలాగే ఉంటుంది కానీ, చేతులు ఎంత ఎత్తున ఉండాలి, ఎవరు ముందు పెట్టాలి అనేదానికి వరుస ఉంది. చిన్నవారు ముందు పెడతారు, పెద్దవారు బదులిస్తారు. మీరు వీధిలో పళ్లు అమ్మే పిల్లకు ముందుగా వంగి నమస్కరిస్తే ఆ పిల్ల ఇబ్బంది పడుతుంది. భిక్షువుకు మీరు నమస్కరించినా ఆయన తిరిగి నమస్కరించరు, దాన్ని నిర్లక్ష్యమనుకోకండి.

వీటన్నిటికంటే పెద్ద తేడా గొంతులో ఉంది. మనం ఇద్దరం మాట్లాడుకుంటుంటే పక్కవారికి తగాదా పడుతున్నట్టు అనిపిస్తుంది. అక్కడ గొంతు పెంచితే కోపం వచ్చిందనే అర్థం, కోపాన్ని నలుగురిలో చూపినవారి మీద గౌరవం తగ్గుతుంది. సోంగ్‌థేవ్‌లో, అంటే రెండు పక్కలా బెంచీలు వేసిన జీపులాంటి బండిలో, ఇంటికి ఫోన్ చేసి మనవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

కొల్లేటికొంగ

భోజనం గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. మా కుటుంబంలో ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. అయినా థాయిలాండ్‌లో ఆకలితో ఉండవలసి రాలేదు, కొంత శ్రమ మాత్రం పడాలి.

అక్కడి వంటలో మాంసం ముక్క కనిపించకపోయినంత మాత్రాన అది శాకాహారం కాదు. ఉప్పుకు బదులు "నామ్ ప్లా" అనే చేపల రసం పోస్తారు, కూరల ముద్దలో రొయ్యల పచ్చడి కలిసి ఉంటుంది. మీరు వెళ్లే ఈసాన్ ప్రాంతంలో "ప్లా రా" అనే పులియబెట్టిన చేపను పచ్చి బొప్పాయి కోరుతో చేసే సోమ్ తామ్ మొదలుకుని చాలావాటిలో వేస్తారు. "నేను మాంసం తినను" అని చెబితే చేప, రొయ్య అందులోకి రావనుకునేవారు ఎక్కువ. అందువల్ల "జే" అని చెప్పాలి. చైనా సంతతి బౌద్ధుల నియమం ప్రకారం జే భోజనంలో మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరాలతో జే గుర్తు ఉన్న దుకాణంలో నిశ్చింతగా తినవచ్చు. చైనా పంచాంగం తొమ్మిదో నెలలో, అంటే సుమారు అక్టోబరులో, తొమ్మిది రోజులపాటు ఈ జే ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా మనకు తగిన తిండే దొరుకుతుంది.

పల్లెలో మాత్రం జే దుకాణం ఉండకపోవచ్చు. "మై సై నామ్ ప్లా", అంటే చేపల రసం వేయవద్దు అనే మాట నేర్చుకోండి. బుట్టలో ఉడికించిన జిగురు అన్నం, ఉడకబెట్టిన ఆకుకూరలు, అరటిపండ్లు, వేరుశెనగలు, సోయా పాలు ఎప్పుడూ దొరుకుతాయి. జిగురు అన్నాన్ని చేత్తోనే చిన్న ముద్ద చేసి, నొక్కి, కారంలో అద్దుకుని తింటారు. మామూలు అన్నాన్ని చెంచాతో తింటారు, ముళ్ల చెంచా ఎడమ చేతిలో ఉంటుంది, దాంతో అన్నాన్ని చెంచాలోకి తోయాలి తప్ప నోట్లో పెట్టుకోకూడదు. మన ఊరగాయ ఒక సీసా తీసుకెళ్లండి. జిగురు అన్నంలో ఆవకాయ ఎంతో బాగుంటుంది, మీ ఆతిథ్య కుటుంబానికి కూడా నచ్చుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. మీ ఆహార నియమాన్ని మొదటి రోజే, ఇంటి పెద్దావిడ పక్కన వంటింట్లో కూర్చుని, నవ్వుతూ చెప్పండి. భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ పళ్లెం పక్కకు నెడితే ఆమె చిన్నబుచ్చుకుంటుంది. వంటింట్లో ముందే చెబితే, అదే ఆమెకు మిమ్మల్ని చూసుకునే బాధ్యతగా మారుతుంది.

మంజీర

కొల్లేటికొంగ గారూ, ఈ చివరి మాట నాకు చాలా ఉపయోగపడుతుంది. నల్లమల గారూ, మీరు చెప్పిన గొంతు సంగతి విన్నాక మరో సందేహం వచ్చింది. బడిలో తోటి ఉపాధ్యాయులతో ఏదైనా విషయంలో అభిప్రాయ భేదం వస్తే ఎలా చెప్పాలి? వారికి ఇష్టం లేనిదేదో నాకు ఎలా తెలుస్తుంది?

పాలపిట్ట

ఈ ప్రశ్నకు నేను సమాధానం చెప్పగలను. నేను అమెరికాలో పెరిగిన తెలుగు అమ్మాయిని, అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ అయిన పీస్ కోర్ తరఫున థాయిలాండ్‌లో పనిచేశాను. పీస్ కోర్ అక్కడ 1962 నుంచి పనిచేస్తున్నది. శిక్షణ కాలంతో కలిపి మొత్తం సేవ 27 నెలలు ఉంటుంది, శిక్షణలో భాషతోపాటు ఒక థాయి కుటుంబంతో కలిసి ఉండటం తప్పనిసరి. 2020 మార్చిలో మహమ్మారి కారణంగా ప్రపంచమంతటా ఉన్న మా వాళ్లందరినీ వెనక్కి పిలిపించారు.

నాతోపాటు యాసోథోన్ ప్రాంతంలో పనిచేసిన ఒక స్నేహితుడి అనుభవం చెబుతాను. పిల్లలకు రోజూ అరగంట చదువుకునే సమయం ఉండాలని అతడు ఉపాధ్యాయుల సమావేశంలో ప్రతిపాదించాడు. ప్రధానోపాధ్యాయుడు చిరునవ్వుతో తల ఊపారు, మిగిలినవారంతా బాగుందన్నారు. వారాలు గడిచినా కాలపట్టికలో మార్పు రాలేదు, ఎవరూ కాదనలేదు కూడా. ఒకరోజు ఊరి సంతలో సోమ్ తామ్ తింటూ, అతడు "పీ" అని పిలిచే ఒక సీనియర్ ఉపాధ్యాయిని అసలు విషయం మెల్లగా బయటపెట్టింది. అతడు అడిగిన సమయం మధ్యాహ్న భోజనం తరువాతది, ఆ వేళలో చిన్న తరగతుల పిల్లలను పడుకోబెట్టే బాధ్యత ఇద్దరు ఉపాధ్యాయినుల మీద ఉంది. అతడి ప్రతిపాదన ఒప్పుకుంటే వారికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. ఆ మాట ప్రధానోపాధ్యాయుడి ఎదుట, విదేశం నుంచి వచ్చిన అతిథి ముఖం మీద, వారు చెప్పలేరు. ఆ సీనియర్ ఉపాధ్యాయినే ఉదయం జెండా వందనం తరువాతి సమయాన్ని సూచించి, తానే ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడి పెట్టింది. తరువాతి సోమవారం నుంచి ఆ కార్యక్రమం మొదలైంది.

కాబట్టి మంజీర గారూ, సమావేశంలో వచ్చే అంగీకారాన్ని "మీరు చెప్పింది విన్నాం" అనే అర్థంలో తీసుకోండి. అసలు అంగీకారం ముందుగానే ఒక్కొక్కరితో విడివిడిగా, తిండి దగ్గరో ప్రయాణంలోనో కుదురుతుంది. వద్దు అని చెప్పడానికి వారు వాడే రూపాలు వేరు: "చూద్దాం" అంటారు, మాట మారుస్తారు, లేదా మీరు రెండోసారి అడిగినప్పుడు మరింత మర్యాదగా నవ్వుతారు. ఎవరిదైనా పొరపాటు కనిపిస్తే పిల్లల ముందు దిద్దవద్దు. తోటి ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద స్పెల్లింగ్ తప్పు రాస్తే, తరగతి అయ్యాక ఏకాంతంలో చెప్పండి. ఆ గౌరవాన్ని వారు మరచిపోరు.

మీరు వారిని అర్థం చేసుకోవడానికి పెట్టే సమయం పనికి అడ్డమని ఎప్పుడూ అనుకోకండి. మొదటి నెలల్లో ఎదురుగా ఫలితం కనిపించదు, విసుగు వస్తుంది. కానీ పెళ్లికి వెళ్లడం, గుడిలో వంటకు కూరగాయలు తరగడం, పొలంలో నాట్లు చూడటం, అంత్యక్రియల్లో కూర్చోవడం, ఇవన్నీ అక్కడ ఉపాధ్యాయురాలి పనిలో భాగమే.

గోదారిగట్టు

నల్లమల గారి వాదనలో బలం ఉందని పాలపిట్ట గారి అనుభవం చదివాక ఒప్పుకుంటున్నాను. అయినా పోలికలు ఎందుకూ పనికిరావని మాత్రం అనలేను. జూన్‌లో జరిగే వై ఖ్రూ అనే గురుపూజ గురించి చెబుతాను. దాన్ని సాధారణంగా గురువారం నాడే జరుపుతారు. పిల్లలు అరటి ఆకులతో పళ్లెంలాంటి అలంకారం చేసి, అందులో నూరువరహాల పూలు, గరిక, వంకాయ పువ్వు, పేలాలు పెట్టి, మోకాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి ఉపాధ్యాయుల పాదాల దగ్గర సమర్పిస్తారు. మొనదేలిన నూరువరహాల మొగ్గ బుద్ధి పదునుకు, తొక్కినా ఎండినా మళ్లీ పాకే గరిక చదువులో ఎదుగుదలకు, తలవంచుకుని పూసే వంకాయ పువ్వు వినయానికి, పేలాలు క్రమశిక్షణకు గుర్తులని అక్కడివారు చెబుతారు. ఆ నాలుగింటికీ మన ఇళ్లలో పేర్లున్నాయి, వాడుక ఉంది. దూరం నుంచి వచ్చిన ఇతర దేశాల సేవకులు ఆ దృశ్యాన్ని ఫోటో తీసుకున్నారు. నేను ఆ గరికను చేతిలోకి తీసుకున్నప్పుడు మా ఊరి వినాయకచవితి కళ్ల ముందు మెదిలింది. ఆ భావం పనిచేయడానికి నాకు ఎంతో శక్తినిచ్చింది.

అలాగే వారి పన్నెండో నెల పౌర్ణమి, మన కార్తిక పౌర్ణమి చాలావరకు ఒకే రోజున వస్తాయి. ఆ రాత్రి అరటి బోదె ముక్కల మీద ఆకులు, పూలు అమర్చి, దీపం వెలిగించి నీటిలో వదులుతారు. దాన్నే లోయ్ క్రథోంగ్ అంటారు. అరటి దొప్పల్లో దీపాలు వదిలే మనవారికి అది ఎవరూ వివరించనక్కర్లేదు.

నల్లమల

గోదారిగట్టు గారూ, అందులో నాకూ అభ్యంతరం లేదు. పండుగల్లో పోలిక మనకు ధైర్యమిస్తుంది, అయితే ఉద్యోగంలో, మాటలో, చర్చలో ఆ పోలికను ఆధారం చేసుకోవద్దన్నదే నా వాదన.

మంజీర గారూ, మరొక చిన్న విషయం. మనం బయలుదేరేటప్పుడు ఎవరైనా "ఎక్కడికి?" అంటే అపశకునమని చిరాకు పడతాం. అక్కడ ఇంటి ముందు కూర్చున్న ప్రతివారూ "పై నై", అంటే ఎక్కడికి అని అడుగుతారు. అది పలకరింపు మాత్రమే. "పై థియావ్", అలా తిరగడానికి వెళ్తున్నాను, అంటే చాలు. మీ వయసు, జీతం, పెళ్లి, బరువు కూడా అడుగుతారు. వయసు అడిగేది మిమ్మల్ని పీ అనాలో నోంగ్ అనాలో తేల్చుకోవడానికి.

మంజీర

మరొక సందేహం అడగడానికి కొంచెం సంకోచిస్తున్నాను. మా నాన్నగారి స్నేహితులు ఒకరు, ఇంగ్లీషు నేర్పే సేవకులంటే తెల్లవారే అనుకుంటారని, మనల్ని చూసి అక్కడివారు నిరాశ పడతారని చెప్పారు. ఇది నిజమేనా?

పాలపిట్ట

కొంతవరకు నిజం, దాన్ని దాచడం మంచిది కాదు. నేను అమెరికా పౌరురాలినని చెప్పినా, ఒక పాఠశాలలో తల్లిదండ్రులు "అసలు విదేశీ టీచరు ఎప్పుడు వస్తుంది" అని నా ఎదుటే అడిగారు. చామనఛాయ గురించి వ్యాఖ్యలు ముఖం మీదే వినిపిస్తాయి. ముఖానికి తెల్లబరిచే క్రీముల ప్రకటనలు మన దేశంలో ఉన్నట్టే అక్కడా ఉన్నాయి, కాబట్టి ఆ జబ్బు మనకు తెలియనిది కాదు. భారతీయులను "ఖేక్" అని పిలుస్తారు. చాలామంది మామూలుగానే వాడతారు, కొందరు చులకనగా వాడతారు, తేడా వారి గొంతులో తెలిసిపోతుంది. నేను ప్రతిసారీ బాధపడలేదని చెప్పను. కానీ నాకు అక్కడ నిలబడే ధైర్యమిచ్చింది పిల్లలే. పిల్లలు రెండు వారాల్లో మీ రంగును మరచిపోతారు, వారి ద్వారా తల్లిదండ్రులు కూడా. మీ ఇంగ్లీషును ఎవరికీ నిరూపించుకోవలసిన పని లేదు, మీ తరగతే దానికి సమాధానం చెబుతుంది. ఎవరైనా హద్దు మీరితే మీ సమన్వయకర్తకు తప్పకుండా చెప్పండి, సర్దుకుపోవడమంటే అవమానాన్ని మింగడం కాదు.

భాష నేర్చుకోవడం దీనికి అన్నిటికంటే మంచి మందు. థాయిలో ఐదు స్వరాలు, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు, ఉన్నాయి, అవి మనకు కష్టమే. అయితే ఒక చోట మనకు పెద్ద సౌలభ్యం ఉంది. "కై" అంటే కోడి, "ఖై" అంటే గుడ్డు. రెండింటి స్వరం ఒకటే, తేడా అంతా ఆ ఒక్క ఒత్తులోనే ఉంది. నా ఆంగ్ల స్నేహితులు ఆ రెండింటినీ వేరుచేయడానికి నెలలు తంటాలు పడ్డారు, ఇంట్లో తెలుగు విన్న నాకు అది మొదటి రోజే వచ్చింది. మీ ఊళ్లో పెద్దలు ఇంట్లో మాట్లాడేది ఈసాన్ భాష, అది లావో భాషకు దగ్గర. బడిలో మాత్రం మధ్య థాయి భాష వాడతారు. రుచిగా ఉందనడానికి "అరోయ్" అనే బదులు "సేప్" అన్నారంటే ఇంటి అమ్మగారు మురిసిపోతారు.

సాగరతీరం

నేను మే సోత్‌లో పనిచేశాను. అది తాక్ రాష్ట్రంలో, మోయి నది ఒడ్డున, మయన్మార్ సరిహద్దులో ఉంది. శరణార్థులకు, వలస కూలీలకు వైద్యం అందించే మే తావ్ క్లినిక్‌ను డాక్టర్ సింథియా మాంగ్ 1989లో స్థాపించింది అక్కడే. మా తాతగారు యువకుడిగా విశాఖ నుంచి పడవెక్కి రంగూన్ వెళ్లి కూలి పనిచేసినవారు, అందువల్ల ఆ సరిహద్దు నా మనసుకు చాలా దగ్గరైంది.

నేను చెప్పదలచింది కాగితాల గురించి, ఎందుకంటే ఈ చర్చలో అది ఇంకా రాలేదు. జీతం లేకపోయినా, స్వచ్ఛంద సేవ కూడా థాయి చట్టం దృష్టిలో పనే. పర్యాటకుల హోదాలో దేశంలోకి ప్రవేశించి బడిలో పాఠాలు చెప్పకూడదు. మీ సంస్థ ఇచ్చే పత్రాలతో నాన్ ఇమిగ్రెంట్ "ఓ" వీసాకు దరఖాస్తు చేయాలి, అక్కడికి వెళ్లాక పని అనుమతి పత్రం తీసుకోవాలి. ఎక్కడ పనిచేస్తారో అందులో రాసి ఉంటుంది. మీరు దిగిన ఇంటి యజమాని 24 గంటల్లో మీ నివాసం గురించి ఇమిగ్రేషన్ అధికారులకు తెలియజేయాలి, పల్లెల్లో ఈ నియమం తెలియనివారుంటారు కాబట్టి గుర్తు చేయండి. ఎడతెగకుండా 90 రోజులు ఉంటే చిరునామా నివేదించాలి, అలాగే ప్రతి 90 రోజులకూ. మధ్యలో ఇంటికి రావాలనుకుంటే ముందుగా తిరిగి ప్రవేశించే అనుమతి తీసుకోకపోతే మీ వీసా రద్దయిపోతుంది. "పరవాలేదు, అందరూ ఇలాగే చేస్తారు" అని సంస్థవారు అంటే ఒప్పుకోకండి. జరిమానా పడేది, దేశం విడిచి వెళ్లమనేది మిమ్మల్నే.

మోటారు సైకిలు విషయంలో కూడా జాగ్రత్త. పల్లెలో అందరూ నడుపుతారు, మీకూ ఇస్తారు. సరైన లైసెన్సు లేకుండా నడిపి ప్రమాదం జరిగితే బీమా సంస్థ చెల్లించకపోవచ్చు. గుడుల చుట్టూ వీధికుక్కలు ఎక్కువ, కాబట్టి రేబిస్ టీకా గురించి వెళ్లేముందే వైద్యుడిని అడగండి. వానాకాలంలో డెంగీ ఉంటుంది, దోమతెర తప్పదు.

కొల్లేటికొంగ

సాగరతీరం గారు చెప్పినవాటికి రెండు చేర్పులు. వారి సంవత్సరం మనం వాడేదానికి 543 ఎక్కువ. అందువల్ల పాల పొట్లం మీద 2569 అని ఉంటే అది 2026 అని అర్థం. ఫారాల మీద పుట్టిన తేదీ రాసేటప్పుడు ఏ సంవత్సరం అడిగారో చూసుకోండి. ఇక సమయం: రాత్రి ఏడు గంటల నుంచి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడతారు, "సోంగ్ థుమ్" అంటే రెండు అనే అంకె వినిపించినా అది రాత్రి ఎనిమిది. భోజనానికి పిలిచినప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

మంజీర

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు రాసినవన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను. చివరిగా రెండే ప్రశ్నలు. ఆతిథ్య కుటుంబానికి ఏం తీసుకెళ్లాలి? ఏప్రిల్ చివరలో బయలుదేరాలా, బడి తెరిచే వారంలో వెళ్లాలా అనేది సంస్థవారు నాకే వదిలేశారు.

పాలపిట్ట

మంజీర గారూ, బెల్లంతో చేసిన కాజాలు, అరిసెలు తీసుకెళ్లండి. వారు కూడా తాటి బెల్లం, కొబ్బరి బాగా తింటారు, పాలకోవా కంటే ఇవి ఎక్కువ నచ్చుతాయి. మీ ఎదుట విప్పకుండా పక్కన పెడితే నచ్చలేదని అనుకోకండి, ఇచ్చినవారి ముందు బహుమతి విప్పకపోవడమే వారి మర్యాద. రెండు చేతులతో, లేదా ఎడమ చేతిని కుడి మోచేతికి ఆనించి ఇవ్వండి.

బయలుదేరడం విషయానికొస్తే, ముందుగానే వెళ్లండి. బడి మే నెల మధ్యలో తెరుస్తారు, ఏప్రిల్, మే నెలల్లో ఎండ మన రెంటచింతల ఎండలాగే ఉంటుంది, కానీ ఆ సెలవు రోజుల్లో ఇంటివారికీ ఊరివారికీ మీతో కూర్చునే తీరిక ఉంటుంది. మే నెలలో ఈసాన్ పల్లెల్లో వాన కోసం వెదురు రాకెట్లు ఎగరేసే ఉత్సవం జరుగుతుంది, యాసోథోన్‌లో జరిగేది చాలా ప్రసిద్ధి. ఉపాధ్యాయులు పిల్లలకంటే ముందే వచ్చి తరగతి గదులు కడిగి, కాలపట్టికలు తయారుచేస్తారు. ఆ రోజుల్లో మీరు కూడా చీపురు పట్టుకుని వారితో ఉంటే, పిల్లలు వచ్చేసరికి మీకు ప్రతి ఉపాధ్యాయురాలి ముద్దుపేరు, ఎవరు పీ ఎవరు నోంగ్ అన్నదీ తెలిసిపోతుంది. విమానం టికెట్టు ఏప్రిల్ 13 నుంచి 15 వరకు జరిగే సోంగ్‌క్రాన్ అనే థాయి కొత్త సంవత్సర పండుగ తరువాతి వారానికి తీసుకోండి. పండుగ రోజుల్లో బ్యాంకాక్ నుంచి ఈశాన్యానికి వెళ్లే బస్సుల్లో, రైళ్లలో సీటు దొరకడం చాలా కష్టం.